తైలశాస్త్రి

విజయనగరము గంటస్తంభము చేరువను సాయంకాలమున బజ్జీల బండి యొద్ద నిలిచి, చేతిలోని మిరపకాయ బజ్జీని చూపుడుకఱ్ఱవలె ఆడించుచు, మూకుడులో మరుగు నూనె యొక్క కులగోత్రములను విచారించు పెద్దమనిషి కనబడినచో, ఆయనయే మా తైలశాస్త్రి యని తెలిసికొనుడు. ఇట్టివారు శ్రీకాకుళమునను, బొబ్బిలిలోను, ఊరూరను కలరు. మా శాస్త్రి మూకుడులోనిది ఏ నూనె యని అడుగునే గాని, ఎన్నవసారి మరుగుచున్నదని మాత్రము అడుగడు. అడిగినచో బజ్జీని విడువవలసివచ్చును.

బాల్యమున ఆయన యెఱిగినది మంచినూనె యొక్కటే. నువ్వులు గానుగాడించి తెచ్చిన ఆ తైలమే పోపునకును, ఆవకాయకును, తలంటునకును సరిపోయెడిది. పిమ్మట వనస్పతి డబ్బా వచ్చినపుడు దానిని నాగరికత యనెను; అందలి ట్రాన్సు కొవ్వు గుండెకు చేటని విన్ననాడు దానినే విషమనెను. ప్రొద్దుతిరుగుడు నూనెకు కొన్నేండ్లును, తవుడు నూనెకు కొన్నేండ్లును భక్తుడై యుండెను. ఉద్దానపు బంధువులు తెచ్చిన కొబ్బరినూనెను అమృతమని పొగడెను గాని, అందు పదింట తొమ్మిదిపాళ్లు సంతృప్త కొవ్వేనని తెలియగానే ఆ సీసా స్నానాలగదికి బదిలీ యయ్యెను. ఇప్పుడు చెక్కగానుగ యుగము: అధికమైన వెల యిచ్చి, చిన్ననాటి మంచినూనెనే నూతనావిష్కరణమువలె ఇంటికి తెచ్చెను. అయినను పదవి పోయిన నూనెను పారబోయుట ఆ యింట ఆచారము కాదు. కావున అలమరలో అయిదు సీసాలు కొలువుదీరి యున్నవి.

ఒకే నూనెను పట్టుకొని యుండక పలు నూనెలను కలిపి వాడుడనియు, కూర్చుండి పనిచేయు పురుషులకు దినమునకు ఇంచుమించు 25 గ్రాముల నూనెనేతులు చాలుననియు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి సూచనలలో చెప్పినదని కోడలు ఒకనాడు చదివి వినిపింపగా, ఆయన పరమానందభరితుడై, సీసాలను వరుసగా లెక్కించి, “చూసేవామ్మా! ఐదు పాతికలు నూట పాతిక!” అనెను.

“అన్నీ కలిపి పాతికండీ, మావయ్యగారూ. ఏ నూనైనా గ్రాముకి తొమ్మిది కేలరీలే” అని ఆమె చిన్నచెంచాతో అయిదు చెంచాలు కొలిచి గిన్నెలో పోసి చూపెను.

ఆయన ఆ గిన్నెను అటునిటు వంచి, చాలసేపు పరిశీలించి, “ఇది దీపానికి సరిపోద్దమ్మా. మరి కూరకేటి?” అనెను.