గోడ మీద హనుమ, గోడ ముందు మనం

బ్యాంకాక్ రాజప్రాసాదం దగ్గర ఓ పెద్దమనిషి ఎదురొచ్చి "ఇవాళ మూసేశారు" అంటాడు. లోపల జనం కిటకిటలాడుతుంటారు, అది వేరే సంగతి. అతను చూపించిన టుక్‌టుక్ ఎక్కితే తేలేది రత్నాల కొట్లోనే.

తప్పించుకున్నవాడికి టికెట్టు 500 బాత్‌లు. నిక్కరుంటే లోపలికి పోనివ్వరు. తిరుమలలో పంచె కట్టమంటే సణిగే మనవాడే, ఇక్కడ ఏనుగు బొమ్మల పైజామా కొని మరీ తొడుక్కుంటాడు.

ప్రాసాదం లోపలి గుళ్లో మరకత బుద్ధుడు. పేరుకే మరకతం, చెక్కింది వేరే పచ్చరాయిలో. ఎత్తు 66 సెంటీమీటర్లు. రుతువును బట్టి ఏడాదికి మూడుసార్లు వస్త్రాలు మార్పించేది సాక్షాత్తూ రాజుగారే. ఫొటో తీయనివ్వరు కనుక మనవాళ్లు అక్కడ ఎక్కువసేపు నిలబడరు.

అసలు సరుకంతా చుట్టూ ఉన్న మండపం గోడల మీదుంది. 178 చిత్రాల్లో థాయిల రామాయణం, రామకియెన్. అందులో హనుమంతుడు బ్రహ్మచారి కాడు, మహా సరసుడు. రావణుడి కూతురైన మత్స్యకన్యతో మొదలుపెట్టి లెక్కపెట్టుకోవచ్చు. కొడుకూ ఉన్నాడు. మన దగ్గర ఏ సినిమావాడైనా ఇందులో వీసమెత్తు చూపిస్తే ఈపాటికి పోస్టర్లు చిరిగేవి, కేసులు పడేవి. అక్కడేమో ఆ గోడకే వీపు తిప్పి, రెండు వేళ్లు చూపించి, "జై హనుమాన్" అని స్టేటస్!

ఇక వాట్ ఫో అనే ఇంకో గుళ్లో 46 మీటర్ల శయన బుద్ధుడు. ఫోనులో పట్టడం లేదని గైడు మీద విసుగు. కాస్త కాళ్లు ముడుచుకోమని బుద్ధుణ్ణి అడగడం ఒక్కటే తక్కువ.