‘బోర్డు పోయె’ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం

ఆ. బోర్డు పోయెనండి పోనిండు పాతది
కొత్త దొకటి కొనుడు కొసరవలదు
విప్పి చూడనేల వినుడు నా మాటను
దుమ్ముఁ జూచినపుడె తోచె నాకు

అవతారిక

బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతున్నా తెర వెలగని పాత డెస్క్‌టాప్‌ను రిపేరు షాపుకు మోసుకెళ్లినప్పుడు అక్కడి నిపుణులు సెలవిచ్చిన వాక్యమిది. మాట ఆయనది, ఆటవెలది నాది. మెదకు సీమకు చెందిన కొలిచాల మల్లినాథసూరి కాళిదాస కావ్యాల మీద తన టీకకు ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి మూర్ఛపోయిన కవివాక్కును లేపడానికట. మా యంత్రానికి వచ్చిన మూర్ఛా ఆ జాతిదే కనుక ఈ టీకకూ అదే పేరు చెల్లుతుంది. కాకపోతే ఆధారం లేని మాట ఒక్కటీ రాయనని మల్లినాథుడు ముందే ఒట్టేసుకున్నాడు. మన మూలకర్తకు అలాంటి నియమాలేవీ లేవు.

ప్రతిపదార్థం

బోర్డు = మదర్‌బోర్డు; అండి = బిల్లు చేతికొచ్చేదాకా నిలిచే గౌరవం; పాతది పోనిండు = దాన్ని మాకు వదిలి వెళ్లండని ధ్వని; కొసరవలదు = స్పష్టము. తక్కినవి సుగమాలు.

నిజానికి టీక అక్కరైన పదం ‘పోయెన్’ ఒక్కటే. ఏది పోయింది, ఎట్లా పోయింది? 1999 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన చాలా బోర్డుల్లో నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్లు తలలు ఉబ్బి, పగిలి, కారిపోయేవి. అలా పోయిందా? పవర్ సప్లై నీరసించిందా? రూపాయి బిళ్లలా ఉండే మూడు వోల్టుల బ్యాటరీ అయిపోయి తేదీ, సెట్టింగులు మరిచిపోయిందా? మూలకర్త ఈ ప్రశ్నల జోలికే పోలేదు. కఠినమైన చోట ‘స్పష్టము’ అని రాసేసి, తేలికైన చోట నాలుగు పుటలు నింపడం మా టీకాకారుల పాత జబ్బు. శాస్త్రం చదవకుండానే అది స్క్రూడ్రైవర్ పట్టిన చేతికీ అంటుకుంది.

ఛందోవిశేషం

‘తోచె నాకు’ అన్నారు. తోచనక్కర్లేదు, వింటే చాలు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నాటి నుంచీ కంప్యూటరు లేస్తూనే తనను తాను పరీక్షించుకుంటుంది. తెర సిద్ధం కాకముందే తప్పు దొరికితే చెప్పుకోవడానికి నోరుండాలి గనుక లోపల ఒక బుల్లి స్పీకరు పెట్టి, దానికి కూతలు నేర్పారు. పొడుగు కూతను గురువనీ పొట్టి కూతను లఘువనీ అనుకుంటే శాస్త్రమంతా మన పరిధిలోకి వచ్చేస్తుంది.

ఒక గురువు, రెండు లఘువులు: ఐబీఎం వారి పట్టికలోనూ, కంప్యూటరును లేపే ‘బయాస్’ ప్రోగ్రాము రాసిన అవార్డు కంపెనీ పట్టికలోనూ దీనికి డిస్‌ప్లే కార్డు దగ్గర దోషమని అర్థం. గురువూ రెండు లఘువులూ అంటే భగణం. భగణానికి అధిదేవత చంద్రుడని లాక్షణికులు చెప్పారు. తెర చీకటైపోయిందని చెప్పడానికి వెన్నెల దేవుడి గణాన్ని వాడటం విరోధాభాస అలంకారమా, అమెరికా ఇంజినీర్ల ఛందోజ్ఞానమా అన్నది విచార్యం. అమి కంపెనీ బయాస్‌లో ఒక గురువు మీద మూడు లఘువులు పడితే మెమొరీ దోషం. అది భలము, చంద్రగణాల్లో ఒకటి. మళ్లీ చంద్రుడే! ఈ యంత్రాల జాతకంలో చంద్రుడు నీచపట్టి ఉన్నాడనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక శాఖాభేదం. ఒకే ఒక లఘువు వినిపిస్తే ఐబీఎం శాఖలో అంతా క్షేమమని. అమి శాఖ పట్టికలో అదే లఘువుకు మెమొరీ రిఫ్రెష్ చెడిందని. ఒకే మంత్రం ఒకరికి ఆశీర్వచనం, ఇంకొకరికి అపరకర్మ! ఫీనిక్స్ శాఖవారు 1-3-1-1 అని కూతలను విరిచి విరిచి పలుకుతారు, ఘనాపాఠీలకు తప్ప అంతుపట్టదు. 1998లో అవార్డు ఫీనిక్స్‌లో కలిసిపోయింది గానీ శిష్యులు ఎవరి పాఠం వారు వల్లిస్తూనే ఉన్నారు. దీర్ఘాలే ఆగి ఆగి వినిపిస్తుంటే అవార్డు శాఖలో ర్యామ్‌ను అనుమానించాలి. హ్రస్వ దీర్ఘ ప్లుతాలు చెప్పడానికి పాణిని ఉకారాన్నే ఎందుకు ఎంచుకున్నాడంటే, కోడికూతలో ఆ మూడూ వరసగా వినిపిస్తాయి గనుక అని వైయాకరణులు సమాధానం చెబుతారు. కోడికి ఉన్న ఆ గౌరవం బుల్లి స్పీకరుకు దక్కలేదు. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి స్పీకరు తగిలించే పిన్నులే తప్ప స్పీకరు రావడం లేదు. కొనేవాడు అడగడు, అమ్మేవాడు గుర్తుచేయడు.

మూలకర్తను మరిచి చాలా దూరం వచ్చేశాం. సంగతేమిటంటే, కౌంటరు మీద ప్లగ్గు పెట్టగానే మా యంత్రం శుభ్రంగా భగణం పలికింది. ఆ సమయానికి మూలకర్త ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరికో ల్యాప్‌టాప్ ధర చెబుతున్నారు. మాట ఆపకుండానే క్యాబినెట్ మీద దుమ్ములో వేలితో అడ్డంగా ఒక గీత గీశారు. ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకుని పద్యం చదివారు.

న్యాయవిచారం

ఎదుటివాణ్ణి ఒప్పించే అనుమానానికి అయిదు అవయవాలుండాలని తార్కికులు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. మూలంలో ‘బోర్డు పోయె’ ప్రతిజ్ఞ, ‘కొత్తదొకటి కొనుడు’ నిగమనం. నడిమి మూడూ దుమ్ములో కలిశాయి. గట్టిగా అడిగితే ‘పాతది కదండీ’ అని ఒక హేతువు దొరికింది. ఇది సవ్యభిచారం. పాతతనం చెడినవాటిలోనూ ఉంటుంది, నడిచేవాటిలోనూ ఉంటుంది. ఆయన నెత్తిమీద తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను మా కంప్యూటరు కంటే పాతది.

పొగను చూసి నిప్పును ఊహించేవాడు కనీసం కొండవైపు తల తిప్పుతాడు. ఇక్కడ చేయవలసింది కరెంటు తీసేసి, కార్డునూ ర్యామ్‌నూ బయటికి లాగి, వాటి బంగారుపూత పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్లీ టక్కుమనేదాకా నొక్కడం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పని నేర్చుకునే కుర్రాడికి కూడా ఇది మొదటి పాఠం. మా యంత్రం ఇంటికొచ్చాక ఇంతకు మించిన వైద్యం కోరలేదు.

తాత్పర్యం

పద్యం గుట్టు ‘పోయెన్’ దగ్గర లేదు, ‘పోనిండు పాతది’ దగ్గర ఉంది. కొత్తది కొంటే పాతదానికి అయిదు వందలు తగ్గిస్తామన్నారు. అంటే లోపలి హార్డ్ డిస్కుతో సహా. ఆ డిస్కులో ఉన్నవి పేజ్‌మేకర్ ఫైళ్లు, అన్నీ అను ఫాంట్లలో కొట్టినవి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు టైపు చేసినవాళ్లకు ఆ బాధ తెలుసు. ఆ ఫాంట్లూ ఆ సాఫ్ట్‌వేరూ ఉన్న యంత్రంలోనే అది తెలుగు, మరోచోట తెరిస్తే పిచ్చిగీతలు. డీటీపీ సెంటర్లలో, చిన్న పత్రికల ఆఫీసుల్లో, పుస్తకం సొంతంగా అచ్చేసుకున్న మాస్టార్ల ఇళ్లలో ఇలాంటి రాతలు ఎన్నో ఇలాంటి డబ్బాల్లోనే ఉండిపోయాయి. బోర్డు నిజంగా పోయినా డిస్కులోనివి పోవు. దాన్ని విప్పి వేరే కంప్యూటరుకు తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. ఈ సంగతి మూలకర్తకు తెలుసు. చెప్పలేదు. దీనికి టీక అక్కర్లేదు.

పాఠకులకు మనవి: ఎవరైనా ‘బోర్డు పోయింది’ అంటే హేతువు అడగండి. హేతువు రాకపోతే బేరం మాట తర్వాత, ముందు హార్డ్ డిస్కు విప్పించి మీ సంచిలో వేసుకోండి. దాన్ని పట్టి ఉంచేవి నాలుగు స్క్రూలే.