బండి ఆగకపోతే నన్నడగండి: అంబాసిడర్ యజమానులకు డిస్క్ బ్రేకుల చిట్కాలు

హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు అంబాసిడర్ తయారీని 2014లో ఆపేశారు. మన ఇంట్లో ఉన్న పాత అంబాసిడర్‌ను ఆపడం మాత్రం ఇంకా ఎవరి తరమూ కావడం లేదు. టన్నుకు పైగా బరువు, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. లైనర్లు నీళ్లలో నానితే పట్టవు, కాగితే జారతాయి. అందుకని ముందు చక్రాలకు డిస్కులు వేయించాలని మీరు తీర్మానించుకున్నారు. శుభం. కింది సూత్రాలు తు.చ. తప్పకుండా పాటించండి. బండి అందానికి ఏ లోటూ రాదని నా హామీ. ఆగడం సంగతంటారా, అది నా శాఖ కాదు.

1. డిస్కు కనిపిస్తే చాలు

1953లో లే మాన్ 24 గంటల పందెం గెలిచిన జాగ్వార్ సి-టైప్‌కు డిస్క్ బ్రేకులున్నాయి. దీన్నిబట్టి డిస్కు ఉంటే గెలుపు ఖాయమని తేలింది కదా. ఇక బూస్టర్ దండగ. డ్రమ్ములో చక్రం తిరిగే ఊపే ముందు లైనరును లోపలికి లాక్కుని ఇంకాస్త బిగిస్తుంది. డిస్కుకు ఆ సాయం ఉండదు, కాలితో ఎంత తొక్కితే అంతే. అందుకే మెకానిక్ బూస్టర్ పెడదామంటాడు. వద్దనండి. ఎదురుగా లారీ వచ్చినప్పుడు రెండు కాళ్లూ పెడల్ మీద పెట్టి నిలబడితే తొడలకు మంచి వ్యాయామం.

2. పాత మాస్టర్ సిలిండర్‌ను కదిలించకండి

డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌లో చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. కాలు తీశాక కూడా పైపుల్లో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. డ్రమ్ములో స్ప్రింగులు లైనర్లను వెనక్కి లాగుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. డిస్కుకు స్ప్రింగులేవీ? ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. అయితేనేం, వదలని బ్రేకు కంటే నమ్మకమైన బ్రేకు ఏముంటుంది! పైగా పాత బండికి నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే లైను. ఏ మూల పైపు చిల్లుపడినా నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. ముందు వెనక లైన్లు వేరుచేసే జంట మాస్టర్ సిలిండర్ వేస్తే సగం బ్రేకైనా మిగులుతుందంటారు. సగం సగం పనులు మనకెందుకు?

3. పాత సామాను గుట్టలో ఏరుకోండి

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లండి. ఏ కారుదో అడగొద్దు, బోల్టు రంధ్రాలు కాస్త అటూ ఇటూగా కలిస్తే చాలు, మిగతాది లేత్ మీద సర్దుకుంటుంది. డిస్కు అంచు మీద గోరు ఆనించి లోపలికి లాగండి. ప్యాడ్ తిన్నమేర గుంటపడి, అంచు గట్టులా తగులుతుంది. పక్కన తుప్పు గోకితే కనీస మందం ఎంతుండాలో మిల్లీమీటర్లలో అచ్చుపోసిన అంకె కనిపిస్తుంది. కాబట్టి గోకకండి. గట్టును లేత్ మీద చెక్కించేయండి. డిస్కు పలచబడితే బరువు తగ్గి మైలేజీ పెరుగుతుంది. క్యాలిపర్ రిమ్ముకు తగులుతుంటే మధ్యలో వాషర్లు పేర్చండి.

4. బ్రేక్ ఆయిల్: పాతదే బంగారం

డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు పట్టాక 155 దాకా ఆగితే చాలని ప్రమాణమే సడలింపు ఇచ్చింది. ప్రమాణమే సర్దుకుపోయినప్పుడు మనకెందుకు పట్టుదల? రెండేళ్లకోసారి మార్చమనేది ఆయిల్ అమ్మేవాళ్ల మాట. డాట్ 4 కంటే డాట్ 5 పెద్ద అంకె కాబట్టి అందులోనే కలిపేయండి. ఒకటి గ్లైకాల్, మరొకటి సిలికాన్, రెండూ కలవవు. ఎవరి దారిన వాళ్లుంటే గొడవే లేదు. డబ్బాలో మట్టం తగ్గితే ప్యాడ్లు అరిగాయనో, ఎక్కడో కారుతోందనో వెతకొద్దు, అంచుదాకా పోసేయండి. పొర్లి బాడీ మీద పడితే రంగు ఊడివస్తుంది. కొత్త రంగు వేయించడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

5. గాలి తీయడం

మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలంటారు. మన కార్లలో అయితే వెనక ఎడమ చక్రంతో. అక్కడ వంగాలంటే నడుము పట్టేస్తుంది. దగ్గర్లో ఉన్న ముందు కుడి చక్రంతో మొదలుపెట్టి, అక్కడే ముగించండి. పెడల్ స్పాంజిలా ఉంటే నాలుగుసార్లు పంపు కొట్టండి. రబ్బరు హోస్ పైపులు పైకి నల్లగా నిగనిగలాడుతుంటే మార్చొద్దు. లోపల ఉబ్బితే తొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. ఆ చక్రం పట్టేసి బండి ఒక పక్కకే లాగుతుంది. స్టీరింగ్ తిప్పే శ్రమ తగ్గిందనుకోండి.

6. ప్యాడ్ల పోషణ

కీచుమంటే ప్యాడ్ వెనక రేకుకు గ్రీజు పలచగా రాయమంటారు. చప్పుడు వచ్చేది ముందువైపు కదా, అక్కడ దట్టంగా పట్టించండి. నిశ్శబ్దం గ్యారంటీ. పాత లైనర్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచే ఓపిక ఎవరికుంది, నోటితో ఉఫ్‌మని ఊదండి. కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడేదాకా కొన్నాళ్లు మెల్లగా బ్రేకు వేయడం పిరికితనం. మొదటిరోజే ఘాట్ ఎక్కండి.

7. ఘాట్ దిగేటప్పుడు

అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగేటప్పుడు ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు ఆదా. మొదటి సూత్రం మీరి బూస్టర్ పెట్టించుకున్నవాళ్లకు ఇక్కడే బుద్ధి వస్తుంది. దానికి బలం ఇంజిన్ లాగే వాక్యూమ్ నుంచే. ఇంజిన్ ఆగాక రెండు మూడు తొక్కులకు నిల్వ అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. రెండో గేరులో దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుందని పాత డ్రైవర్లు చెబుతారు. వాళ్లకేం, వాళ్లు పెట్రోలు లీటరు పది రూపాయలున్నప్పటి మనుషులు.

8. చివరిగా, అమ్మకం

ఇవన్నీ చేశాక బండిని అమ్మకానికి పెట్టండి. ప్రకటనలో 'ముందు డిస్క్ బ్రేకులు, షోకైన కండిషన్' అని రాయండి. రెండూ అబద్ధాలు కావు. కొనడానికి వచ్చినాయన నడిపి చూస్తానంటే తాళాలు మర్యాదగా ఇవ్వండి. మీరు కూడా రండి అని పక్క సీటు చూపిస్తే మాత్రం, మోకాళ్ల నొప్పులని చెప్పి అరుగు మీదే కూర్చోండి. అడ్వాన్సు ముందే తీసుకోవడం మరవకండి.