వంకర రేకు

మా అప్ప కేకులు చోడవరం మొత్తానికి తెలీకపోయినా, మా వీధిలో మాత్రం ప్రసిద్ధం. 2022లో మమ్మల్ని విశాఖ జిల్లా నుంచి తీసి అనకాపల్లి జిల్లాలో కలిపారు గానీ, పుట్టినరోజుకి ఇక్కడివాళ్ళు తినేవి మారలేదు. పెద్దవాళ్ళకి మాడుగుల హల్వా, పిల్లలకి కేకు.

అప్పకి ఓవెన్ లేదు. కుక్కర్ మూతకి గాస్కెట్టూ విజిలూ తీసేసి, అడుగున ఉప్పు పోసి, దాని మీద స్టాండు పెట్టి, స్టాండు మీద అల్యూమినియం గిన్నె దించుతుంది. సన్నటి సెగ మీద ముప్పావుగంట పైనే పడుతుంది. గుడ్డు ముట్టని ఇళ్ళకైతే పెరుగూ వంటసోడా వాడుతుంది. పెరుగులోని పులుపు సోడాకి తగిలి గ్యాసు పుడితేనే పిండి పొంగేది. అందుకే సోడా వేశాక ఎవరొచ్చి పలకరించినా అప్ప పలకదు. కబుర్లలో పడితే ఆ గ్యాసు కాస్తా పోయి, కేకు బదులు దిబ్బరొట్టె దిగుతుంది.

అసలు పేచీ క్రీముతో. గడ్డకట్టి వస్తుంది, సగం కరిగి చల్లగా ఉన్నప్పుడే గిలక్కొట్టాలి. మన ఎండలకి అది నిలబడదు, కరెంటు పోతే మరీను. అప్ప పెద్ద బేసిన్లో ఐసుముక్కలు పోసి, అందులో గిన్నె పెట్టి కొడుతుంది. పువ్వులు వేసే సంచీ ఏమిటనుకున్నారు? కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్టే. మూల కత్తిరించి నాజిల్ దూరుస్తుంది. ఆ నాజిల్ ఓసారి గచ్చు మీద పడి ఒక పన్ను వంగింది. కొత్తది కొనవే అంటే, "పువ్వు పువ్వేరా" అంది. అప్పట్నుంచీ ఆవిడ వేసే ప్రతి పువ్వులోనూ ఒక రేకు పక్కకి వాలి ఉంటుంది.

ఎదురు మేడ వదినగారు మనవడి పుట్టినరోజుకని బేరానికొచ్చారు. కిలో, పైనాపిల్, పైన పేరు రాయాలి. అప్ప 450 అంది.

"ఏటమ్మా! మైదా, పంచదార, అంతే గదా! గోవాడ ఫ్యాక్టరీ మన మండలంలో పెట్టుకొని పంచదారకి ఇంత రేటా?"

"క్రీముందండి, గ్యాసుంది, అట్టా డబ్బా ఉన్నాయి. పోనీ 400 ఇవ్వండి."

"350. ఇంట్లో చేసినదానికి అదే ఎక్కువ. గ్యారంటీ ఏటి దీనికి?"

ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. అప్ప ఏడాదికి 100 రూపాయలు కట్టి తీసుకున్న కాగితం ఫ్రిజ్ తలుపు మీదే అంటించి ఉంది. వదినగారు దానికేసి చూడనైనా చూడలేదు. "బేకరీవాళ్ళ ఫినిషింగే వేరు, మిషను పని" అంటూ చెప్పులేసుకున్నారు.

మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు అనే బేకరీ ఆయన చేశాడంటారు. మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండు కేకు తెచ్చి చూపిస్తే, ఆయన స్థానిక సరుకులతోనే అలాంటిది చేసి పెట్టాడట. దొర రుచి చూసి డజను ఆర్డరిచ్చాడని చెబుతారు. మా వదినగారు ఆ దొర కంటే గట్టి మనిషి. రుచి కూడా చూడలేదు.

పుట్టినరోజుకి మాకూ పిలుపొచ్చింది. బేకరీ పేరున్న డబ్బా అందరికీ కనబడేలా బల్ల మధ్యన పెట్టి, "ఎనిమిది వందలు!" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు వదినగారు. మూత తీశారు. తెల్లటి క్రీము, మధ్యలో పిల్లాడి పేరు, చుట్టూ పసుపు పువ్వులు.

వదినగారు అప్ప రెక్క పట్టుకుని ముందుకి లాగారు.

"చూడు పిల్లా, ఫినిషింగంటే ఇదీ! ప్రతి పువ్వుకీ ఒక రేకు ఎలా వాల్చాడో చూశావా? డిజైనది. చేత్తో వస్తుందా? ఫొటో తీసుకో, నేర్చుకుందువు గాని."

అప్ప ఫోను తీసి బుద్ధిగా ఫొటో తీసుకుంది. "నేర్చుకుంటాను వదినా" అంది.

నేను వంగి పువ్వుల్ని చూశాను. తర్వాత అప్పని చూశాను. ఆవిడ పిల్లలకి పేపరు ప్లేట్లు సర్దుతోంది.

బయటికొచ్చాక ఆగలేకపోయాను. "ఎప్పట్నుంచే ఇది?"

"ఉగాది నుంచి. వాళ్ళకి ఆర్డర్లు ఎక్కువైతే నాకు పంపుతారు. అట్టా, డబ్బా వాళ్ళవే. పని నాది."

"ఈ కేకు వదినగారిదని తెలుసా నీకు?"

"పేరు రాసింది నేనే కదరా."

"మరి అక్కడే చెప్పొచ్చుగా!"

"చెబితే ఆవిడకి కేకు చేదవుతుంది, నాకు బేకరీ పోతుంది."

"ఇంతకీ ఎంతిచ్చారు నీకు?"

"380" అంది అప్ప. "వదినగారు ఇస్తానన్నదాని కంటే 30 ఎక్కువ."