అమ్మను చూడ్డానికీ ముందే తేదీ అడగండి

మా చెల్లెలి కూతురు ఒక డచ్చి అబ్బాయిని పెళ్లి చేసుకుంది. ఇద్దరికీ హైదరాబాదులోనే ఉద్యోగాలు. పెళ్లయ్యాక మొదటిసారి అబ్బాయి వాళ్ల ఊరు వెళ్తోందని తెలిసి ఇంటిల్లిపాదీ సలహాలిచ్చారు. చెప్పాపెట్టకుండా వెళ్లి వాళ్లమ్మను ఆశ్చర్యపరచమన్నారు ఒకరు. టులిప్ పూలు పూసే రోజుల్లోనే వెళ్లమన్నారు ఇంకొకరు. పట్టుచీరలు, వెండి సామాను మర్చిపోవద్దన్నారు. ఒక్క చుట్టాన్నీ వదలకుండా కలిసి రమ్మన్నారు. అన్నీ ప్రేమతో చెప్పినవే. "పెద్దమ్మా, నువ్వేమంటావు?" అని అది నన్నడిగింది.

నేనూ ఇరవై రెండేళ్ల కిందట అవన్నీ అక్షరం పొల్లుపోకుండా పాటించినదాన్నే. మా ఆయనది నెదర్లాండ్స్‌లో జీలండ్ ప్రాంతం, జీరిక్‌జే అనే చిన్న ఊరు. కాలువల, కరకట్టల ఇంజనీరుగా కృష్ణా డెల్టాకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను బందరులో వలందపాలెంలో పెరిగాను. వలందులంటే డచ్చివాళ్లే. నాలుగు వందల ఏళ్ల కిందట వాళ్లు పెట్టుకున్న వర్తక స్థావరం పోయింది, పేటకు పేరు మాత్రం మిగిలింది.

ఏటా మూడు వారాలు ఆయన పుట్టిన ఊరికి వెళ్లొస్తాం. ఆ ప్రయాణాల్లో నేర్చుకున్నవే ఇవి. చదివితే "ఇవేం సలహాలమ్మా" అనిపిస్తుంది. అయినా ఒక్కసారి చివరిదాకా వినండి.

1. చెప్పకుండా వెళ్లి ఆశ్చర్యపరచకండి

మొదటి ఏడు మేము చేసింది అదే. తలుపు తీసి కొడుకును చూడగానే మా అత్తగారి మొహం వెలిగింది. ఆ వెంటనే ఏదో కలత. ఆ సాయంత్రం ఆవిడ చర్చి పాటల సాధనకు వెళ్లాలి. రాత్రికి ఒక్క మనిషికి సరిపడా బంగాళాదుంపలు తీసి పెట్టుకున్నారు. మేడమీద గదిలో పక్కలు వేసి లేవు. మూడో రోజు అంట్లు తుడుస్తూ మనసులో మాట చెప్పారు. "ముందే చెబితే మూడు నెలలు మీకోసం ఎదురుచూసేదాన్ని. ఆ మూడు నెలలూ నాకు లేకుండా చేశారు."

ఒంటరిగా ఉండే తల్లికి బిడ్డ రాక అంటే వచ్చిన రోజొక్కటే కాదు. వంటింటి క్యాలెండరు మీద తేదీ రాసుకున్న నాటి నుంచే అది మొదలవుతుంది. డచ్చివాళ్లు కలవడానికి కుదుర్చుకునే వేళను 'ఆఫ్‌స్ప్రాక్' అంటారు. ఆ పదం పుట్టింది మాట్లాడటం అనే క్రియలోంచే. మనం "మాట ఇచ్చాను" అంటామే, అదన్నమాట. తేదీ అడగడం పరాయితనమని మనకు అనిపిస్తుంది. వాళ్లకు అది "ఆ రోజు నీకోసమే ఉంచాను" అని చెప్పడం.

2. టులిప్‌ల వేళ వెళ్లకండి, నవంబరులో వెళ్లండి

లిస్సె ఊళ్లో ఉన్న క్యూకెన్‌హాఫ్ తోట మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా, సుమారు ఎనిమిది వారాలే తెరిచి ఉంటుంది. ఏటా 70 లక్షల దుంపలు నాటుతారు. చూసి తీరవలసిన అందమే. కానీ మీరు వెళ్తున్నది మనుషుల కోసం. ఏప్రిల్ 27న రాజుగారి పుట్టినరోజు పండుగ, ఆ వెంటనే బడులకు మే సెలవులు, జూలై ఆగస్టుల్లో స్నేహితుల్లో సగం మంది డేరాలు కట్టుకుని ఫ్రాన్సులో ఎక్కడో ఉంటారు. మండు వేసవిలో వెళ్లిన ఏడు మా ఆయన తన చిన్ననాటి స్నేహితుల్లో ఇద్దరినే చూడగలిగారు.

నవంబరులో అందరూ ఇంటిపట్టునే ఉంటారు. ఐదు దాటితే చీకటి, బయట సన్నటి వాన. కిటికీలకు తెరలు దించరు, దీపం వెలుగులో ఇల్లంతా వీధికి కనిపిస్తుంటుంది. పొయ్యిమీద ఎండు బఠాణీల చారు గంటల తరబడి ఉడుకుతుంటుంది. మరునాటికి అది మన ముద్దపప్పులా గట్టిపడి గరిటె నిలబడుతుంది. అలాంటి సాయంత్రాల్లోనే మాటలు సాగుతాయి. 'గెజెల్లిఖ్' అని వాళ్లు చెప్పుకునే వెచ్చదనం నాకు అర్థమైంది పూలతోటలో కాదు, ఆ చీకట్లోనే.

3. పట్టుచీరలు పట్టుకెళ్లకండి, సూట్‌కేసు సగం ఖాళీగా ఉంచండి

నేను మొదటిసారి ధర్మవరం చీర, వెండి కుంకుమ భరిణ తీసుకెళ్లాను. అత్తగారు ఎంతో మర్యాదగా అందుకుని బీరువాలో పెట్టేశారు. తిరిగి నాకేమివ్వాలో తోచక వారం రోజులు మథనపడ్డారట, తర్వాత మా ఆడపడుచు చెప్పింది. మామూలుగా ఉండు, అదే చాలినంత వింత అని అక్కడొక సామెత. బరువైన కానుక ఆ ఇళ్లలో నిజంగానే బరువవుతుంది.

మరుసటి ఏడు పెడనలో కొన్న కలంకారీ బల్లగుడ్డ తీసుకెళ్లాను. దాన్ని చూడగానే ఆవిడ "సిట్స్!" అన్నారు. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు మన కోస్తా నుంచి మోసుకెళ్లిన అద్దకపు గుడ్డలకు అక్కడి పేరు అది. ఆ కంపెనీకున్న ఆరు శాఖల్లో ఒకటి జీలండ్‌లోనే, మిడ్డెల్‌బర్గ్‌లో ఉండేది. ఉత్తరాన హిందలోపెన్ ఊరి ఆడవాళ్ల పాత కట్టులో పొడుగాటి పైకోటు ఆ గుడ్డతోనే కుట్టేవారు. మా అత్తగారు ఆ బల్లగుడ్డ పరిచి రోజూ కాఫీ తాగారు. అది వెలిసి, చిరిగి, చివరికి సైకిలు తుడిచే గుడ్డ అయింది. బీరువాలో ఉన్న పట్టుచీర కన్నా నాకు అదే తృప్తి.

సూట్‌కేసులో ఖాళీ ఎందుకంటే, చాలా డచ్చి ఇళ్లకు పైకప్పు కింద ఒక అటకగది ఉంటుంది. అందులో మీ వారి బాల్యమంతా ఉంటుంది. పెద్దవాళ్లు ఏదో ఒకనాడు చిన్న ఇంటికి మారతారు, అప్పుడు అది తొందర తొందరగా ఖాళీ అవుతుంది. ఏటా కొంచెం కొంచెం కలిసి కూర్చుని సర్దండి. మా మామగారు 1997 జనవరి 4న ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు ఊళ్ల మీదుగా సుమారు 200 కిలోమీటర్లు గడ్డకట్టిన కాలువల మీద స్కేటింగ్ చేసి చిన్న శిలువ ఆకారపు పతకం తెచ్చుకున్నారు. ఆ పందెం జరగడం అదే ఆఖరు. మళ్లీ అంత మందాన, అంత దూరం మంచు కట్టలేదు. ఆ పతకం ఒక బిస్కెట్ల డబ్బాలో దొరికింది. ఇప్పుడు విజయవాడలో మా దేవుడి గదిలో ఉంది.

4. అందరిళ్లకూ తిరగకండి

మూడు వారాల్లో ముప్ఫై ఇళ్లు తిరిగాం ఒక ఏడు. ప్రతి ఇంట్లో ఒక కాఫీ, ఒక బిస్కెట్, అవే ప్రశ్నలు. తిరిగొచ్చాక ఎవరింట్లో ఎవరేం చెప్పారో ఇద్దరికీ గుర్తులేదు.

ఇప్పుడు మా ప్రయాణంలో ఎవరిదో ఒక పుట్టినరోజు పడేట్టు చూసుకుంటాం. డచ్చి ఇళ్లలో మరుగుదొడ్డి గోడకు పుట్టినరోజుల క్యాలెండరు వేలాడుతుంటుంది. దానిమీద వారాలుండవు, ఏడాది ఉండదు. తేదీలు, పేర్లు మాత్రమే. అందుకే ఏళ్ల తరబడి అదే ఉంటుంది. పుట్టినరోజు నాడు కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. లోపలికి వచ్చినవాళ్లు ఆ మనిషికే కాదు, తల్లికీ, భర్తకీ, చెల్లెలికీ కూడా అభినందనలు చెబుతారు. ఒక మనిషి పుట్టడం చుట్టూ ఉన్నవాళ్లందరి భాగ్యం అన్నట్టుంటుంది ఆ పద్ధతి. ఆ ఒక్క మధ్యాహ్నం నలభై మందిని చూస్తాం. మిగిలిన రోజులు ఐదారుగురికే ఇస్తాం, పూర్తిగా.

5. భోజనం వేళకు లేచి వచ్చేయండి

తెలుగువాళ్లకు ఇది అన్నిటికన్నా కష్టం. సాయంత్రం ఐదున్నరకు ఇంటావిడ గడియారం చూస్తుంది. ఆరింటికి భోజనం, పిలిచిన లెక్క ప్రకారం వంట. మనింట్లో అయితే గిన్నెలో ఇంకో గ్లాసు బియ్యం పడతాయి. అక్కడ మనిషికి ఒక మాంసం ముక్క చొప్పున కొంటారు. పిలవలేదని నొచ్చుకోకుండా, నవ్వుతూ లేచి రండి. మీరు వాళ్ల పద్ధతిని గౌరవించారని తెలిసిన ఇల్లు మరోసారి తానే పిలుస్తుంది. మూడో ఏడు అలాంటి ఒక ఇంటావిడే "ఈసారి గురువారం మీ ఇద్దరికీ లెక్కేశాను" అంది. ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి.

6. అక్కడే ఉండిపోయినవాళ్లను సెలవు మీద పంపేయండి

దూరం నుంచి వచ్చిన బిడ్డ చుట్టూ అందరూ చేరతారు. ఏడాది పొడుగునా తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లే బిడ్డ మాత్రం కాఫీ కప్పులు కడుగుతుంటుంది. మా ఇంట్లో ఆ కప్పులు కడిగింది మా ఆడపడుచు.

ఒకరోజు అన్నాచెల్లెళ్లిద్దరూ జీలండ్ వంతెన మీదుగా సైకిళ్లపై వెళ్లారు. 1965లో కట్టిన ఆ వంతెన ఐదు కిలోమీటర్ల పొడుగు. సముద్రపు గాలి ఎదురుగా కొడుతుంటే పక్కపక్కన తొక్కుతూ ఆ అమ్మాయి అనేసింది: "నాన్న పోయినప్పుడు నువ్వు తొమ్మిది రోజులున్నావు. అంతకుముందు రెండేళ్లు నేనొక్కదాన్నే ఉన్నాను." డచ్చివాళ్లు మొహమ్మీదే మాట్లాడతారని మనవాళ్లు భయపడతారు. ఆ మాట అనకుండా మనసులో పెట్టుకుని ఉంటే ఆ అన్నాచెల్లెళ్లు ఈపాటికి పండుగ కార్డుల వరసలోకి వచ్చేసేవారు. ఆ ఏడు నుంచి మా మూడు వారాల్లో ఒకటి పూర్తిగా ఆమెది. మేము ఇల్లు చూసుకుంటాం, ఆమె ఎక్కడికైనా వెళ్తుంది. అన్నను చూడాల్సిన రోజుల్లో ఆమెను ఊరు దాటిస్తున్నారేమిటని అడిగినవాళ్లున్నారు. మేం ఆమెకు ఇవ్వగలిగిన కానుక అదొక్కటే.

7. పాత విషాదం ఎత్తండి

"నాలుగు రోజులుండటానికి వచ్చి ఏడిపించే మాటలెందుకు" అని మా ఆయన చాలా ఏళ్లు ఆపారు.

మా అత్తగారు పుట్టింది జీరిక్‌జే పక్కనున్న ఔవర్కెర్క్ పల్లెలో. 1953 జనవరి 31 రాత్రి వాయవ్యం నుంచి తుఫాను, దానికి తోడు సముద్రం పెద్ద పోటు మీద ఉంది. కరకట్టలకు గండ్లు పడి, తెల్లారేసరికి నైరుతి నెదర్లాండ్స్ నీళ్లలో ఉంది. ఆ దేశంలో 1,836 మంది పోయారు. అప్పటికి ఆవిడకు ఏడేళ్లు. నాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు నాలుగేళ్లు. మా నాయనమ్మ దొరకలేదు. ఆ తర్వాతే మేం బందరు చేరాం.

పదకొండేళ్లు అత్తాకోడళ్లం ఒకే బల్ల దగ్గర కూర్చుని దీని గురించి మాట్లాడుకోలేదు. ఒక నవంబరులో నేనే అడిగాను, నన్ను ఔవర్కెర్క్ తీసుకెళ్తారా అని. అప్పటి కరకట్టల గండ్లలో చివరిదాన్ని 1953 నవంబరులో పూడ్చింది అక్కడే, బ్రహ్మాండమైన కాంక్రీటు పెట్టెలు దించి. నాలుగు పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలోనే వరద మ్యూజియం. లోపల చలిగా ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అడిగారు: "మీ ఊళ్లో కూడా గొడ్లు అరిచాయా?"

అరిచాయి. తెల్లారేలోగా ఆ అరుపులు ఆగిపోవడం గురించే మా అమ్మ జీవితాంతం చెప్పింది. అత్తగారికి గుర్తున్నదీ అదే. మా ఆయన కాస్త దూరంలో నిలబడి విన్నారు. బతుకంతా కరకట్టల మీద గడిపిన మనిషి, తల్లి ఆ రాత్రిని మొదలు నుంచి చివరిదాకా చెప్పడం వినడం అదే మొదటిసారి.

అడగండి. ఆ రాత్రి ఏం జరిగింది, మీరు పోయాక ఏ పాట పాడమంటారు, ఎక్కడ ఉంచమంటారు. సంతోషంగా ఉన్నప్పుడు అడిగితేనే నెమ్మదిగా చెబుతారు.

8. విమానాశ్రయానికి ఎవరినీ రానివ్వకండి

మనకు సాగనంపడమంటే స్టేషను దాకా రావాలి. జీరిక్‌జేకి రైలు లేదు. బస్సులో రోటర్‌డామ్, అక్కడి నుంచి రైల్లో స్ఖిపోల్ విమానాశ్రయం. ముసలి ప్రాణాన్ని అంత దూరం తిప్పి, జనంలో వదిలేసి, తిరుగు బస్సులో ఒంటరిగా పంపకండి. డచ్చివాళ్లకు గడప దగ్గరే ఒక పద్ధతి ఉంది. వెళ్లేవాళ్లు వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చెయ్యి ఊపుతారు. దానికి 'ఔట్‌జ్వాయెన్' అని విడిగా ఒక మాటే ఉంది. వీడ్కోలు ఆవిడ సొంత గుమ్మంలోనే జరగనివ్వండి. వెనక్కి తిరిగితే తన వంటిల్లు, తన కుర్చీ ఉంటాయి.

అంతకన్నా ముందు ఒక పని చేయండి. వచ్చే ఏటి తేదీ రాయించకుండా గడప దాటకండి. మా అత్తగారు నవంబరులోనే కొత్త ఏడాది క్యాలెండరు కొని ఉంచుతారు. అందులో మొదట పడేది మా తేదీ. పోయిన నవంబరులో ఆవిడ చెయ్యి బాగా వణికింది. నేను పెన్సిలు అందుకోబోతే ఇవ్వలేదు. అంకె వంకర పోయినా తానే రాశారు, కింద రెండు గీతలు గీశారు. అప్పుడు మమ్మల్ని కోట్లు తొడుక్కోమన్నారు.