ఫైలు ఉంది, కానీ లేదు

ఎదురుగా కనిపిస్తున్న ఫైలును పట్టుకుని "అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు" అని మొహమాటం లేకుండా చెప్పడం లైనక్స్‌కే చెల్లింది. ఎల్‌ఎస్ కొడితే ఉంటుంది. సైజు, తేదీ చూపిస్తుంది, పేరు పచ్చరంగులో వెలుగుతూ ఉంటుంది. రన్ చేయబోతే లేదంటుంది. క్రాస్ కంపైలింగ్‌తో పొట్టపోసుకునే మాలాంటివాళ్లం ఈ మాట వినని వారం ఉండదు.

మా పనేమిటంటే, ఇంటెల్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఆర్మ్ చిప్పు మీద నడవాల్సిన ప్రోగ్రామ్ తయారుచేయడం. ఆ బోర్డు మీదే చేసుకోవచ్చు కదా అంటారు తెలిసినవాళ్లు. చేసుకోవచ్చు. పొద్దున్నే మేక్ కొడితే సాయంత్రం టీ టైముకి మెమరీ చాల్లేదని చెబుతుంది. అందుకని ఆర్మ్ లైబ్రరీలు, హెడర్లు, బ్యాష్ అన్నీ లాప్‌టాప్‌లోనే ఒక ఫోల్డర్‌లో దింపుకుని, లోపలికొచ్చిన ప్రోగ్రాములకు "మీరున్నది బోర్డు మీదే" అని నమ్మబలుకుతాం. వాటిని నడపడానికి ఫాబ్రిస్ బెల్లార్డ్ పుణ్యమా అని 2003 నుంచి క్యూఎమూ ఉంది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఆ ఫోల్డర్‌లోకి సీహెచ్‌రూట్ కొట్టాడు.

"అన్నా, బ్యాష్ లేదంటోంది."

"ఉందా మరి?"

"ఉందన్నా, ఇప్పుడే చూశా."

"ఇంకేం చేశావ్?"

"సూడో పెట్టే అడిగా. అయినా లేదనే అంటోంది."

బస్టాండ్‌లో ప్లాట్‌ఫారం మీద బస్సు నిలబడే ఉంటుంది. ఎంక్వయిరీలో అడిగితే "బస్సు లేదండీ" అంటారు. డ్రైవర్ రాలేదని దానర్థం. కెర్నెల్ ధోరణీ అదే. ఆర్మ్ బ్యాష్‌ను ఇంటెల్ కెర్నెల్ సొంతంగా నడపలేదు. బిన్‌ఎఫ్‌ఎంటీ మిస్క్ అనే చిట్టా తీసి, ఫైలు తలకాయలోని బైట్లతో పోల్చి చూస్తుంది. ఈఎల్‌ఎఫ్ అనీ, మెషిన్ నంబరు 40 అనీ ఉంటే అది 32 బిట్ల ఆర్మ్ సరుకు, క్యూఎమూను పిలవాలి. చిట్టాలో క్యూఎమూ అడ్రసు స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ బిన్ అని రాసి ఉంటుంది. కానీ సీహెచ్‌రూట్ దాటి లోపలికెళ్లాక స్లాష్ అంటే ఆ ఫోల్డరే. క్యూఎమూ గడప బయటే ఉండిపోయింది. దొరకనిది క్యూఎమూ, నింద పడింది బ్యాష్ మీద. కెర్నెల్ "లేదు" అని మాత్రమే అంటుంది, ఏది లేదో చెప్పదు. అడిగినవాడు తనకు తెలిసిన పేరు దానికి తగిలించి మనకు వినిపిస్తాడు.

కుర్రాడు క్యూఎమూను లోపలికి కాపీ చేశాడు. మళ్లీ అదే మాట. ఈసారి లేనిది క్యూఎమూకు కావలసిన ఇంటెల్ లోడర్. డ్రైవర్ వచ్చాడు గానీ, అతన్ని డ్యూటీకి దింపాల్సినవాడు రాలేదు. ఎవరి మీదా ఆధారపడని స్టాటిక్ క్యూఎమూ పెడితే గానీ బ్యాష్ కళ్లు తెరవలేదు. 2016లో 4.8 కెర్నెల్‌తో ఎఫ్ అనే ఫ్లాగ్ వచ్చింది. అది పెడితే చిట్టాలో పేరెక్కిన రోజే కెర్నెల్ క్యూఎమూను తెరిచి చేతిలో పట్టుకుంటుంది కాబట్టి, స్టాటిక్‌ది ఉంటే చాలు, లోపలికి కాపీ చేసే పని తప్పుతుంది.

ఇలా నమ్మబలకడంలో సీహెచ్‌రూట్‌కు తాతలాంటిది స్క్రాచ్‌బాక్స్ 2. నోకియావాళ్ల మాయెమో రోజుల నుంచీ ఉంది, సెయిల్‌ఫిష్ డెవలపర్లు ఇప్పటికీ వాడతారు. ఇది రూట్ మార్చదు. ఎల్‌డీ ప్రీలోడ్ దారిన ఒక లైబ్రరీని ప్రతి ప్రోగ్రామ్ పక్కన కూర్చోబెడుతుంది. ప్రోగ్రామ్ హెడర్ ఫైలు అడిగితే ఆర్మ్ ఫోల్డర్‌లోది తీసిస్తుంది. జీసీసీ కావాలంటే లాప్‌టాప్‌లోని క్రాస్ కంపైలర్‌ను అంటగడుతుంది. ఎవరికి ఏది చూపించాలో లూవాలో రాసుకున్న రూల్స్ ఉంటాయి. ఒకే పాత్ ఇద్దరు అడిగితే ఇద్దరికీ వేర్వేరు ఫైళ్లు రావచ్చు. సీహెచ్‌రూట్‌లో మనల్ని గట్టెక్కించిన స్టాటిక్ ప్రోగ్రామే ఇక్కడ కొంప ముంచుతుంది. దానికి ప్రీలోడ్ పట్టదు గనక సరాసరి లాప్‌టాప్ అసలు ఫైళ్ల మీద పడుతుంది.

అందుకే ఎస్‌బీ2 షో అనే కమాండ్ ఇచ్చారు. పాత్ అని అడిగితే ఈ పేరు చివరికి ఏ ఫైలుకు చేరుతుందో చెబుతుంది. ఎగ్జెక్ అని అడిగితే ఈ ప్రోగ్రామ్‌ను అసలు ఎవరు, ఏ ఆర్గ్యుమెంట్లతో నడపబోతున్నారో విప్పి చూపిస్తుంది. ఎర్రర్ మెసేజ్‌తో వాదనకు దిగేముందు ఈ రెండూ అడిగితే సగం రోజు మిగులుతుంది. కుర్రాడికి ఇదే చెప్పాను. బుద్ధిగా రాసుకున్నాడు.

మర్నాడు ప్రోగ్రామ్ లాప్‌టాప్‌లో క్యూఎమూ కింద చక్కగా నడిచింది. దాన్ని పాత రాస్ప్‌బెర్రీ పై జీరోలోకి ఎక్కించి, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అన్నా, ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటోంది."

ఆ బోర్డు చిప్పు ఆర్మ్‌వీ6. మా కంపైలర్ మామూలుగా ఆర్మ్‌వీ7కి కోడ్ రాస్తుంది. క్యూఎమూకు ఈ పట్టింపులు లేవు, ఏది పెట్టినా తింటుంది.

"సంతోషించరా," అన్నాను. "నిన్నటిదాకా అసలు లేనే లేదన్నారు. ఇవాళ ఉందని ఒప్పుకుని మరీ కేసు పెడుతున్నారు."