గారెలు, గారులస్సు

సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఏ అపార్ట్‌మెంటు లిఫ్టు ఎక్కినా ఓ కుర్రాడు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ కనిపిస్తాడు. తాడ్‌బండ్ ఆంజనేయస్వామిని తలుచుకుంటున్నాడని దణ్ణం పెట్టబోయేరు. అది అమెరికా చదువు కోసం రాసే జీఆర్ఈ పరీక్ష జపం. పారాయణ గ్రంథం బారన్స్ వర్డ్‌లిస్టు, మూడున్నర వేల నామాలు. విష్ణువుకే వెయ్యి సరిపోయాయి.

మంత్రోపదేశం కోచింగ్ సెంటర్లో జరుగుతుంది. అక్కడి సారు తెలివికి చెయ్యెత్తి మొక్కాలి. గారులస్ అంటే నోట్లో గారెలు కుక్కినా వాగుడు ఆపనివాడు. పెనూరియస్ అంటే సంతకానికి పెన్ను కూడా ఇవ్వని పిసినారి. మెండేషియస్ అంటే మెండుగా అబద్ధాలాడేవాడు. ఏరు దాటించే తెప్ప తెలుగే. దాటాక తగలెయ్యడం మనకు కొత్తా?

ఇంట్లో అప్పజెప్పించుకోవడం తల్లి వంతు. ఫ్రిజ్ మీద అంటించిన కార్డు చూసి "అబ్‌స్ట్రెపరస్?" అని గద్దిస్తుంది. "వొసిఫరస్" అంటాడు వీడు. కార్డు తిప్పి చూస్తే వెనక అదే ఉంటుంది. మురిసిపోయి ఇంకో దోసె వేస్తుంది. మొదటిదేమిటో రెండోదేమిటో ఇద్దరికీ తెలీదు. రెండూ గోల చేసేవాణ్ణి అనే మాటలే. వెనకాల పొయ్యి మీద కుక్కర్ అదే పనిలో ఉంది.

పరీక్ష పెట్టే అమెరికా సంస్థ ఈటీఎస్ ఆంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీల (పద పోలికల) తంతును 2011 ఆగస్టులోనే ఎత్తేసింది. మాటకు మాట అప్పజెప్పడం కాదు, వాక్యంలో ఏది ఇముడుతుందో చెప్పమంది. 2023లో పరీక్షనే దాదాపు రెండు గంటలకు కుదించింది. చాలా వర్సిటీలు ఆ స్కోరే అక్కర్లేదన్నాయి. దేవుడు గుడి ఖాళీ చేసినా మన దగ్గర టికెట్ కౌంటరు మాత్రం మూయలేదు.

ఈ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లోనే రోజూ పది టన్నుల కుళ్లు సరుకు నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో మెచ్చుకున్నారు. ఆ పద్ధతి మన రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్లదే. పరీక్ష రాసిన మర్నాటికే వాడిపోయే వొసిఫరస్‌ల నుంచి ఒక్క బల్బయినా వెలిగించే యంత్రం మాత్రం వాళ్లింకా కనిపెట్టలేదు. కనిపెడితే కంటోన్మెంటులో కరెంటు కోతలుండవు. మిగతా కోతలు ఎటూ తప్పవు.

అసలు ముచ్చట స్కోరు వచ్చాక. ఈ చదువు నీకెందుకు కావాలో ఒకటి రెండు పేజీలు సొంతంగా రాసి పంపమంటుంది వర్సిటీ. మూడున్నర వేల మాటలు మింగినవాడు తిన్నగా కన్సల్టెన్సీకి పోతాడు, పక్కన తండ్రి. అక్కడి అమ్మాయి కీబోర్డు మీంచి తలెత్తకుండానే అడుగుతుంది: "చిన్నప్పట్నుంచి నీకు దేంట్ల ఇంట్రెస్టు తమ్ముడూ? ఏఐనా, డేటానా?"

వాడు తండ్రి మొహం చూస్తాడు.

"ఇప్పుడేది నడుస్తుందమ్మా?" అంటాడు తండ్రి.